ఏ స్కోరు పంపాలి, ఏది ఇంట్లో ఉంచుకోవాలి?

మా మేనకోడలు పోయినేడు శాట్, అంటే అమెరికా కాలేజీల్లో డిగ్రీలో చేరడానికి రాసే పరీక్ష, రెండుసార్లు రాసింది. జూన్‌లో 1420 వచ్చింది, ఆగస్టులో 1440. రెండో రిజల్టు వచ్చిన రాత్రి మా బావగారు పటమట నుంచి ఫోన్ చేసి, "ఎక్కువ వచ్చిందేగా, ఇక వాళ్లు అదే లెక్కలోకి తీసుకుంటారుగా?" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. మనకు తెలిసిన పరీక్షలన్నీ అలాగే నడుస్తాయి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి రాస్తారు. రెండింట్లో మెరుగైన స్కోరే ర్యాంకుకి వెళ్తుంది, దానికోసం మనం ఏ బటనూ నొక్కక్కర్లేదు. బిట్‌శాట్‌ రెండుసార్లు రాసినా అంతే. ఈఏపీసెట్‌కి అయితే ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీ కూడా వాళ్లే కలిపేసి ర్యాంకు చేతిలో పెడతారు. రాయడం వరకే మన పని.

అమెరికాలో డిగ్రీ చదువుకి అప్లై చేసేటప్పుడు అలా కాదు. ఏ స్కోరు పంపాలి, ఎవరికి పంపాలి, అసలు పంపాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి. అదీ అన్నిటికీ కలిపి ఒక్కసారి కాదు, ఒక్కో కాలేజీకి విడిగా. ఈ చివరి మాట మా బుర్రకెక్కడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

ముందు అమ్మాయి స్కోర్లు విడదీసి చెప్తాను, మిగతాదంతా వీటిమీదే నడుస్తుంది. శాట్‌లో రెండే భాగాలు: రీడింగ్-రైటింగ్ 800కి, మ్యాథ్స్ 800కి. జూన్‌లో రీడింగ్ 640, మ్యాథ్స్ 780. ఆగస్టులో రీడింగ్ 690కి పెరిగింది, మ్యాథ్స్ 750కి తగ్గింది. ఎంపీసీ పిల్లల్లో ఈ వరస మామూలే. లెక్కలు మొదటిసారే వచ్చేస్తాయి, ఇంగ్లీషు రెండోసారి పుంజుకుంటుంది. రెండోసారి ఇంగ్లీషు మీదే కూర్చోవడంతో లెక్కల్లో ఒకటి రెండు జారిపోతాయి.

రెండు పరీక్షల్లోంచి ఏ భాగానికి ఆ భాగం మంచిది ఏరుకుంటే 690, 780 కలిపి 1470 అవుతుంది. దీన్నే సూపర్‌స్కోర్ అంటారు. మా దగ్గర ఇప్పుడు 1420, 1440, 1470 అని మూడు అంకెలున్నాయి. ఏ కాలేజీకి ఏ అంకె కనబడాలన్నదే ప్రశ్న.

కాలేజీలు ఏం అడుగుతాయి

ప్రతి కాలేజీ అడ్మిషన్ పేజీలో టెస్ట్ పాలసీ అని ఒక పేరా ఉంటుంది. అది చదవకుండా ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా. ఎందుకంటే ఇవి ఏటేటా మారుతున్నాయి. కోవిడ్ వచ్చిన 2020లో పెద్ద కాలేజీలు దాదాపు అన్నీ స్కోరు అక్కర్లేదన్నాయి. ఎంఐటీ 2022 మార్చిలో మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ అదే దారి పట్టాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం కూడా. కొలంబియా మాత్రం 2023లోనే ఇక ఎప్పటికీ ఐచ్ఛికమేనని చెప్పేసింది. మూడేళ్ల కిందట అమెరికాలో చేరిన సీనియర్ అన్నయ్య చెప్పిన రూల్ ఇప్పుడు పనికిరాకపోవచ్చు. పాపం అతను అబద్ధం చెప్పలేదు, రూలే మారిపోయింది.

స్కోరు తప్పనిసరి అన్న చోట బాధే లేదు, పంపాల్సిందే. ఏది పంపాలన్నదే మిగులుతుంది. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, జార్జియా టెక్ లాంటివి భాగాలవారీగా మంచివి ఏరుకుంటాయి. అలాంటి చోటికి మా అమ్మాయి రెండు తేదీల స్కోర్లూ పంపాలి. రెండూ వెళ్తేనే వాళ్లు 1470 చూడగలరు. జూన్ స్కోరు 1420 కదా, తక్కువ కదా అని దాన్ని ఆపేస్తే 780 మ్యాథ్స్ కూడా దాంతోపాటే ఆగిపోతుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. టోటల్ చూసి తేదీని కొట్టేస్తారు. శాట్ నడిపే కాలేజ్ బోర్డు వాళ్ల స్కోర్ చాయిస్ అనే సదుపాయంలో మనం తేదీనే ఎంచుకోగలం. జూన్ లెక్కలు, ఆగస్టు ఇంగ్లీషు అని ముక్కలు చేసి పంపనివ్వరు.

కొన్ని కాలేజీలు ఒకే రోజు రాసినదాంట్లో పెద్ద టోటల్ చూస్తాయి. అక్కడికి ఆగస్టు 1440 ఒక్కటే చాలు.

ఇంకొన్ని రాసిన ప్రతి స్కోరూ చూపించమంటాయి. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌ది చాలాకాలంగా ఇదే పద్ధతి. ఇలాంటి చోట కాలేజ్ బోర్డు సైటులో మనం ఒకటే ఎంచుకున్నా సైటు మనల్ని ఆపదు. కానీ అప్లికేషన్ కింద "నేను చెప్పినదంతా నిజం" అని సంతకం పెట్టేది మనమే.

ఈ సంగతి దగ్గరే మా అక్క నన్ను నిలదీసింది. అక్క గుంటూరులో హైస్కూల్ టీచరు. "మిగతా చోట్ల మాత్రం ఒక స్కోరు చూపించి ఒకటి దాచడం మోసం కాదంట్రా?" అంది. కాదక్కా అన్నాను. ఇష్టమైతే పంపు, లేకపోతే మానెయ్ అని వాళ్లే రాసి పెట్టిన చోట పంపకపోవడం వాళ్లిచ్చిన వెసులుబాటు వాడుకోవడమే. అన్నీ చూపించమన్న చోట ఒకటి దాస్తేనే అది అబద్ధం అవుతుంది. ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి విడమర్చి చెప్పడం మంచిది. లేకపోతే పిల్లలు ఏదో తప్పుడు పని చేస్తున్నట్టు మొహం పెట్టుకుని తిరుగుతారు.

ఇక అసలు చూడనే చూడం అనే వాళ్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కిందున్న క్యాంపస్‌లు, అంటే బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో లాంటివేవీ అడ్మిషన్‌కి శాట్ స్కోరు చూడవు. మనవాళ్లకు బాగా తెలిసిన శాన్ హోసే స్టేట్ ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కూటమి కూడా 2022 నుంచి అంతే. అక్కడ 1600 వచ్చినవాడికీ రాయనివాడికీ తేడా లేదు. మా పక్క వీధి కుర్రాడొకడు బర్కిలీకోసమని మూడోసారి శాట్ రాశాడు. వాళ్ల నాన్నకి చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

ఇష్టమైతే పంపు అన్న చోట

అసలు చిక్కంతా ఐచ్ఛికం అన్న కాలేజీల దగ్గరే. అమెరికాలో ఎక్కువ కాలేజీలు ఇప్పటికీ ఈ గుంపులోనే ఉన్నాయి. మా లిస్టులో తొమ్మిదింట్లో ఐదు ఇవే.

ఇక్కడ అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. ఆ కాలేజీలో చేరినవాళ్లని స్కోరు వరసలో నిలబెడితే నడిమి 50 శాతం మందికి ఎంత నుంచి ఎంత వరకు వచ్చిందో చూడాలి. కామన్ డేటా సెట్ అనే పత్రంలో సీ9 అనే భాగంలో ఇది ఉంటుంది. కాలేజీ పేరు, కామన్ డేటా సెట్ అని గూగుల్‌లో కొడితే చాలా కాలేజీలవి దొరుకుతాయి. కింది అంకె 25వ పర్సంటైల్, పై అంకె 75వది. మన స్కోరు ఈ రెంటి నడిమి గీతకి పైన ఉంటే పంపాలి, కింది అంకెకంటే తక్కువైతే ఆపాలి. మధ్యలో ఉంటే ఆలోచించాలి.

సూత్రం మంచిదే. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఐచ్ఛికం అన్నాక తక్కువ వచ్చినవాళ్లు స్కోరు పంపరు. పంపినవాళ్లవే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ అంకెలు ఉబ్బిపోయి కనిపిస్తాయి. ఒక కాలేజీలో 1400 నుంచి 1520 అని ఉంటే, చేరినవాళ్లలో సగం మందికి పైగా స్కోరే పంపి ఉండకపోవచ్చు. చేరినవాళ్లలో ఎంత శాతం మంది స్కోరు పంపారో కూడా అదే సీ9లో ఉంటుంది. ఆ శాతం తక్కువగా ఉన్న చోట పై అంకెలు చూసి భయపడక్కర్లేదు. నేను 2019 నాటి పత్రం కూడా పక్కన పెట్టుకుని చూశాను. అప్పట్లో దాదాపు అందరూ స్కోరు ఇచ్చేవాళ్లు కాబట్టి ఆ కాలేజీ అసలు తీరు ఆ పాత అంకెల్లో తెలుస్తుంది.

ఇంకో మెలిక ఇంతకంటే పెద్దది. డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలో మళ్లీ శాట్ తప్పనిసరి చేసినప్పుడు చెప్పిన కారణం మన ఊళ్ల పిల్లలు వినాల్సింది. వాళ్ల ప్రొఫెసర్లే పాత అప్లికేషన్లు తిరగేసి చూశారు. పెద్దగా వసతుల్లేని నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలు 1400 దగ్గర వచ్చిన స్కోర్లు తక్కువనుకుని దాచేశారని, చూపించి ఉంటే వాళ్లకి మేలే జరిగేదని తేలింది. అడ్మిషన్ ఆఫీసు స్కోరుని విడిగా చూడదు. ఆ పిల్ల ఏ బడి నుంచి వచ్చింది, ఆ బడిలో మామూలుగా ఎంత వస్తుంది అన్నదాని పక్కన పెట్టి చూస్తుంది. బోస్టన్‌లో ప్రైవేటు స్కూల్ పిల్లకి 1440కి ఉన్న విలువ వేరు, ఏలూరు రోడ్డు పక్క హాస్టల్లో ఉండి యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న పిల్లకి 1440కి ఉన్న విలువ వేరు.

మన ఇంటర్ సంగతి కూడా చూడండి. వెయ్యికి 975 అంటే ఇక్కడ మనం స్వీట్లు పంచుతాం. అమెరికాలో అప్లికేషన్ చదివే ఆవిడకి ఆ 975 ఏం చెప్తుంది? మన రాష్ట్రం నుంచి వచ్చే అప్లికేషన్లలో అటూ ఇటూగా అలాంటివే ఉంటాయి. మా అమ్మాయి చదివిన ఇంటర్ కాలేజీలో స్కూల్ ప్రొఫైల్, అంటే ఆ కాలేజీ గురించి, అక్కడి మార్కుల తీరు గురించి చెప్పే కాగితం అడిగితే ఆఫీసులో "అదేంటి?" అన్నారు. టీచరు రాయాల్సిన సిఫార్సు లేఖలు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. ఇలాంటి ఫైల్లో పైనుంచి కింది దాకా చదివితే, ఎక్కడి పిల్లలతోనైనా పోల్చి చూడగలిగిన అంకె శాట్ ఒక్కటే. మ్యాథ్స్ 780 అని ఒక్క ముక్క కనబడితే ఇంటర్ 975కి కూడా బరువొస్తుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: ఇంటర్ బోర్డు పిల్లలు మధ్యలో ఊగిసలాడుతుంటే పంపడం వైపే మొగ్గాలి. అమెరికా స్కూలు పిల్లలకి రాసిన సలహాలు చదివి "కింది అంకె దాటలేదు, ఆపేద్దాం" అని తొందరపడొద్దు. ఇంజినీరింగ్‌కైతే మరీను. టోటల్ కాకుండా మ్యాథ్స్ అంకె విడిగా చూసుకోండి.

అలాగని కళ్లు మూసుకుని అన్నిటికీ పంపమనడం లేదు. మా ఐదింట్లో ఒకదానికి మేం పంపలేదు. అక్కడ మధ్య గుంపు 1500 నుంచి 1570. పంపినవాళ్ల శాతం కూడా ఎక్కువే. రీడింగ్‌లో మా 690 వాళ్ల కింది అంకెకి చాలా దూరంలో ఉంది, పైగా అమ్మాయి అప్లై చేసింది ఎకనమిక్స్‌కి. అక్కడ ఇంగ్లీషులో తక్కువ కనబడటం మంచిది కాదనిపించింది. మిగతా నాలుగింటికీ పంపాం.

ఏ దారి పట్టినా తరవాత వచ్చే జవాబు చూసి ఈ నిర్ణయం ఒప్పో తప్పో చెప్పలేం. సీటు రావడానికి, రాకపోవడానికి ఇంకా పది కారణాలుంటాయి. స్కోరు పంపకపోతే ఫైల్లో మిగిలిన కాగితాల మీద చూపు ఎక్కువ పడుతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. వ్యాసం బలహీనంగా ఉండి స్కోరు కూడా లేకపోతే ఇక చూడ్డానికేం మిగలదు.

డబ్బు మాట

ఐచ్ఛికం అన్న కాలేజీల్లో కొన్ని సీటుకి స్కోరు అక్కర్లేదంటాయి గానీ మెరిట్ స్కాలర్‌షిప్‌కి చూస్తాయి. అలబామా విశ్వవిద్యాలయం లాంటివి ఇంత జీపీఏ, ఇంత శాట్ ఉంటే ఇంత డబ్బు అని పట్టికే వేసి పెడతాయి. లోన్ మీద పంపే ఇంట్లో ఏడాదికి పదివేల డాలర్లు తగ్గడమంటే నాలుగేళ్లలో ఒక ఫ్లాటు డబ్బు. ఇలాంటి చోట మధ్య గుంపు, నడిమి గీత అన్నీ పక్కన పెట్టి ఆ పట్టికలో మన స్కోరు ఏ గడిలో పడుతుందో చూసుకోండి. ఏ గడిలో పడినా పంపండి. స్కాలర్‌షిప్‌కి సూపర్‌స్కోర్ తీసుకుంటారా, ఒకే తేదీది చూస్తారా అన్నది సీటు రూలుకంటే వేరుగా ఉండొచ్చు. ఒక ఈమెయిల్ పెడితే జవాబిస్తారు, ఈ విషయంలో వాళ్లు మనవాళ్లకంటే నయం.

శాట్ ఉండగా ఏసీటీ కూడా రాసినవాళ్లకి

మన దగ్గర ఏసీటీ రాసేవాళ్లు తక్కువ కాబట్టి పొట్టిగా చెప్తాను. అది శాట్ బదులు కాలేజీలు ఒప్పుకునే ఇంకో పరీక్ష, స్కోరు 36కి. రెండూ రాసినవాళ్లు ఆ పరీక్షలు నడిపే రెండు సంస్థలు కలిసి 2018లో ఇచ్చిన పోలిక పట్టిక చూసుకోవాలి. అందులో ఏసీటీ 32 అంటే శాట్‌లో 1430 దగ్గర, 34 అంటే 1500 దగ్గర. అన్నీ పంపమన్న చోట తప్ప రెండింట్లో మెరుగైనది ఒకటి పంపితే చాలు, రెండూ పంపితే రెట్టింపు మెచ్చుకోరు. శాట్ లెక్కలు, ఏసీటీ ఇంగ్లీషు కలిపి సూపర్‌స్కోర్ చేయడం మామూలుగా ఉండదు. 2025 నుంచి ఏసీటీలో సైన్స్ భాగం ఐచ్ఛికం చేశారు. ఇంజినీరింగ్‌కి వెళ్లేవాళ్లు ఆ కాలేజీ సైన్స్ స్కోరు అడుగుతుందో లేదో చూసుకుని రిజిస్టర్ చేసుకోండి.

జేఈఈ మెయిన్ పర్సంటైల్ ఎక్కడ పెట్టాలని కూడా చాలామంది అడుగుతారు. చాలా కాలేజీలకి ఒకే చోట నుంచి అప్లై చేసుకునే కామన్ యాప్ అనే సైటులో ఆనర్స్ అని ఐదు గడులుంటాయి. 99 దాటినవాళ్లు అక్కడ ఒక లైను రాసుకోండి, ఎంతమందిలో వచ్చిందో కూడా రాస్తే చదివేవాళ్లకి అర్థమవుతుంది. 85 పర్సంటైల్‌ని ఎవరూ అడగలేదు, చెప్పక్కర్లేదు.

పంపడంలో ఎదురైన తిప్పలు

శాట్‌కి రిజిస్టర్ చేసుకుంటే నాలుగు కాలేజీలకి స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు. పరీక్ష అయిన తరవాత తొమ్మిది రోజుల్లోపు ఆ నాలుగు పేర్లు చెప్పాలి. స్కోరు వచ్చేదేమో రెండు వారాలకి. అంటే ఎంతొచ్చిందో తెలియకుండానే పంపేసినట్టు.

మేం మొదట బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. వాళ్లు జూన్ పరీక్షకి రిజిస్ట్రేషన్ చేయిస్తూ ఆ నాలుగు గడులూ నింపేశారు. "ఫ్రీయే కదండీ, ఎందుకు వదులుకోవడం" అన్నారు. తరవాత చూస్తే అందులో మూడు వాళ్లకి టై-అప్ ఉన్న కాలేజీలు, అమ్మాయి అసలు అప్లై చేయాలనుకోనివి. నాలుగోదానికి మాకు చూపించాలో లేదో తేల్చుకోకముందే 1420 చేరిపోయింది. అది ఐచ్ఛికం అనే కాలేజీ కాబట్టి కొంప మునగలేదు గానీ ఎంచుకునే అవకాశం చేజారింది. స్కోరు తప్పనిసరి అయిన, సూపర్‌స్కోర్ తీసుకునే కాలేజీలకి మాత్రమే ఆ ఉచితం వాడుకోండి. మిగతావాటికి ఆ గడులు ఖాళీగా వదిలేసినా నష్టం లేదు.

ఎందుకంటే అప్లై చేసేటప్పుడు చాలా కాలేజీలు అధికారిక స్కోరు అడగవు. కామన్ యాప్‌లో మనమే టైపు చేస్తే చాలు. సీటిచ్చాక, చేరేముందు కాలేజ్ బోర్డు నుంచి అధికారికంగా పంపాలి. కామన్ యాప్‌లో ఆ గడి ఎలా ఉంటుందంటే, రీడింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ వచ్చింది ఎంత, ఏ తేదీన, మ్యాథ్స్‌లో ఎంత, ఏ తేదీన అని విడివిడిగా అడుగుతుంది. అంటే సూపర్‌స్కోర్‌కి కావాల్సింది దానంతట అదే వెళ్తుంది. టైపు చేసింది అధికారిక స్కోరుతో ఒక్క అంకె తేడా వచ్చినా ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు, కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

కామన్ యాప్‌లో ఒక కాలేజీకి స్కోర్లు చూపించి ఇంకోదానికి ఆపాలంటే ప్రతి కాలేజీ సొంత ప్రశ్నల్లో "స్కోరు పరిగణించమంటారా?" అన్న ప్రశ్న విడిగా ఉంటుంది. దాన్ని హడావుడిలో దాటేయొద్దు. మేం ఆపాలనుకున్న ఆ ఒక్క కాలేజీకి మా అమ్మాయి అలవాటుగా "అవును" కొట్టేసింది. సబ్మిట్‌కి ముందు ప్రివ్యూలో నేను చూశాను కాబట్టి సరిపోయింది.

పరీక్ష రాసి బయటికి రాగానే "చెడగొట్టేశాను, క్యాన్సిల్ చేయనా మావయ్యా?" అని అడిగింది జూన్‌లో. సెంటర్ హైదరాబాదులో పడింది. ముందురోజు బస్సు, లాడ్జి, పరీక్ష ఫీజు తొమ్మిది వేలు దాటింది, అన్నీ కలిపి నాకు ప్రాణం ఉసూరుమంది. వద్దన్నాను. తేదీ ఎంచుకుని పంపే వీలుండగా క్యాన్సిల్ చేయాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వస్తుంది, చేశాక మళ్లీ వెనక్కి రాదు. ఆ "చెడగొట్టిన" పరీక్షలోనే 780 ఉంది.

ఇంగ్లీషు పరీక్షలు, పెద్దపిల్లల జీఆర్ఈ

టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డ్యుయోలింగోలకి ఐచ్ఛికం అన్న మాట వర్తించదు. ఇది గేటు లాంటిది, ఇంత దాటాలి అంతే. దాటిన తరవాత ఇంకో ఐదు మార్కులు ఎక్కువున్నా పెద్దగా కలిసొచ్చేదేం లేదు. కాబట్టి కాలేజీ అడిగిన కనీసం దాటిన స్కోరు ఏదైతే అది పంపి ఊరుకోండి. టోఫెల్‌లో రెండేళ్లలోపు రాసిన పరీక్షల్లోంచి భాగాలవారీగా మంచివి ఏరి మైబెస్ట్ అని ఇస్తారు గానీ అన్ని కాలేజీలూ దాన్ని ఒప్పుకోవు. 2026 జనవరి నుంచి టోఫెల్ స్కోరు 120కి బదులు 6కి ఇస్తున్నారు, కొంతకాలం రెండూ పక్కపక్కనే చూపిస్తారు, కంగారు పడకండి. డ్యుయోలింగో మాత్రం ఎన్ని కాలేజీలకైనా ఉచితంగా పంపుకోవచ్చు. ఫీజుల గోల తగ్గాలంటే, మీ లిస్టులో కాలేజీలన్నీ దాన్ని ఒప్పుకుంటే, నేనదే ఎంచుకుంటాను.

వడ్డేశ్వరంలోనో వడ్లమూడిలోనో బీటెక్ చేసి ఎంఎస్‌కి వెళ్లే అన్నయ్యలకీ, అక్కయ్యలకీ జీఆర్ఈ రూలు వేరు. పరీక్ష రోజున నాలుగు చోట్లకి ఉచితంగా పంపవచ్చు. శాట్‌లా గుడ్డిగా కాదు, వెర్బల్ (ఇంగ్లీషు), క్వాంట్ (లెక్కలు) అంకెలు తెర మీద చూశాకే. ఆ రోజు ఇవాళ్టిది ఒక్కటి పంపాలా, ఐదేళ్లలో రాసినవన్నీ పంపాలా అని రెండే దారులుంటాయి. తరవాత డబ్బు కట్టి పంపేటప్పుడు మాత్రం నచ్చిన తేదీ ఏదైనా ఎంచుకోవచ్చు. ఇక్కడా తేదీ మొత్తం వెళ్తుంది, ముక్కలు కుదరవు.

బ్రాడీపేటలో ఏ హాస్టల్ మెట్ల మీద కూర్చున్నా "320 వచ్చిందా?" అన్న మాటే వినిపిస్తుంది. ఆ 320 ఎలా వచ్చిందన్నది ఎవరూ అడగరు. క్వాంట్‌లో 165 మంచి అంకెలా కనిపిస్తుంది గానీ పర్సంటైల్ 70 దగ్గరే తచ్చాడుతుంది. వెర్బల్‌లో 160కి 80 దాటుతుంది. రెండు తేదీల్లో ఏది పంపాలో తేల్చేటప్పుడు టోటల్ పక్కన పెట్టి, మీ బ్రాంచికి పనికొచ్చే భాగం పర్సంటైల్ చూడండి. కంప్యూటర్ సైన్స్‌కైతే 168 క్వాంట్, 150 వెర్బల్ ఉన్న 318ని, 162, 159 ఉన్న 321 కంటే ముందు పెడతాను నేను. పైగా ఎంఎస్‌లో జీఆర్ఈ కావాలో వద్దో చెప్పేది విశ్వవిద్యాలయం కాదు, డిపార్ట్‌మెంట్. ఒకే క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంట్ అడుగుతుంది, పక్క బిల్డింగ్‌లోది చూడనంటుంది.

మూడోసారి రాయాలా?

అన్నీ తేలాక బావగారు డిసెంబరు శాట్ మాటెత్తారు. 1470కి ఇంకో 30 కలిస్తే 1500, వినడానికి ఎంత బావుంటుంది అని. కూర్చుని లెక్క వేశాం. మ్యాథ్స్ 780 ఇక పెరిగేది ఇరవయ్యే, అదీ వస్తుందన్న నమ్మకం లేదు, కాబట్టి ముప్పైకీ రీడింగ్‌నే నమ్ముకోవాలి. జూన్ నుంచి ఆగస్టుకి పెరిగిన యాభై తేలిగ్గా వచ్చింది కాదు, ఆ రెండు నెలలూ కూర్చుంటే వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది, ప్రీఫైనల్స్, ప్రాక్టికల్స్, మధ్యలో జేఈఈకి కూడా కట్టి ఉంది. డిసెంబరు స్కోరు జనవరి 1 డెడ్‌లైన్ల ముందు ఎలాగో వస్తుంది, కానీ నవంబరు 1కి వెళ్లిపోయిన మూడు అప్లికేషన్లకి పనికిరాదు. మిగిలిన ఆరింట్లో రెండు స్కోరే చూడనివి. తీసేస్తే మిగిలేవి నాలుగు. ఆ నాలుగింట్లో 1470 నుంచి 1500 అవడంతో పంపాలా వద్దా అన్న నిర్ణయం మారేది ఒక్కదానికే, అదే మేం ఆపుకున్న ఎకనమిక్స్ కాలేజీ. అక్కడా 1500 అంటే సరిగ్గా కింది అంకె.

"ఒక్కదానికోసం వెళ్లను మావయ్యా, ఆ శనివారాలు వ్యాసాలు రాసుకుంటా" అంది అమ్మాయి. సరేనన్నాం. బావగారికి మాత్రం ఆ 1500 అనే అంకె మీద మనసు ఇంకా పోలేదు, మొన్న పెళ్లిలో ఎవరో అడిగితే "పదిహేను వందల దగ్గర" అని చెప్పారట.